మూడో రంధ్రం

అందరూ ముందు వంటగది చూపిస్తారు.
నేను చూడను.
తెల్లరాతి గట్టు, ఇత్తడి కుళాయి,
ఎవరో అప్పు తెచ్చి పోసిన ఆ మెరుపంతా
నా లెక్కలోకి రాదు.
డులూత్ కొండవాలు మీద, సరస్సు గాలికి ఎదురొడ్డి
నూరేళ్లకు దగ్గరపడ్డ ఇల్లిది.
ఒంటికి నిన్నటి రంగు.

కొనేవాళ్లిద్దరూ నా వెనకే వస్తున్నారు.
డెల్ఫీన్‌కి ఆరో నెల,
మెట్టుమెట్టుకీ ఆగి
పైగదికి పసుపా, లేతాకుపచ్చా అని అడుగుతుంది.
ఆరిన్ ఇనుపరాయి మోసే ఓడలో వంటవాడు,
మంచు కరిగిందంటే మళ్లీ నీళ్ల మీదికే.
నా నిచ్చెన తనే మోస్తానన్నాడు, సరే అన్నాను.
ఈ మోకాళ్లకి అరవై దాటాయి.

నా పరీక్షపెట్టె గుప్పిట్లో పడుతుంది,
దానికి మూడు చిన్న దీపాలు.
హాల్లో ప్లగ్గుకి గుచ్చాను.
రెండు వెలగాలి. ఒకటే వెలిగింది.
ఎర్త్ లేదు.
మూడు రంధ్రాలు, కొత్తవి, తెల్లటివి,
మూడో రంధ్రం వెనక
ఉత్త గోడ.
పైన పటారం, లోన లొటారం.

"ప్రమాదమా?" అన్నాడు ఆరిన్.
"అబద్ధం," అన్నాను.
రెండూ ఒకటి కావు.
ఎప్పుడు ఒకటవుతాయో చూడ్డానికే నాకు డబ్బిస్తారు.

నేలమాళిగలో ప్యానెల్ కూడా కొత్తదే.
నాలుగు మరలు విప్పితే
బ్రేకర్లు బడిపిల్లల్లా బుద్ధిగా వరసలో ఉన్నాయి.
వాటి వెనక నుంచి మాత్రం
గుడ్డ చుట్టిన నల్లతీగలు రెండు
పైకి, చీకట్లోకి.

వాటి వెంటే నేనూ.

అటకలో మోకాలి లోతు బూడిదరంగు దూది.
బోర్లా పాకుతూ, నుదుటి దీపంతో, చేత్తో తుడుచుకుంటూ పోతే
పింగాణీ గుబ్బలు బయటపడ్డాయి,
దూలం పొడుగునా, జానెడు ఎడంగా జంటతీగలు పట్టుకుని.
ప్రతి అతుకూ మెలిపెట్టి, సీసం పోసి, గుడ్డ చుట్టి ఉంది.
పక్కన పెన్సిల్ రాత:
వైనో హైక్కిలా. నవంబరు 1927. వేళ్లు పనిచెయ్యడం లేదు.
మా అమ్మమ్మ భాషలో.
పనిచెయ్యని వేళ్లతో చేసిన పని
ఇప్పటికీ వదులు కాలేదు.

గాలి తగలాలని అతను గాల్లో వదిలిన తీగల మీద
పోయిన వేసవిలో ఎవరో దుప్పటి కప్పారు.
ఇంకో రెండు బారలు పాకితే వాళ్ల చెయ్యి కూడా దొరికింది:
పాత తీగకి కొత్త తీగ,
పెట్టె లేదు, మూడు చుట్లు నల్ల టేపు, అదీ జారింది.
కింద కొయ్య కాఫీరంగుకి తిరిగింది.
వాసన చూశాను. ఇంకోసారి చూశాను.
ఆ తీగ దిగేది
పసుపో లేతాకుపచ్చో తేలని గదిలోకి.

దిగొచ్చేసరికి డెల్ఫీన్ తలుపు పక్క స్విచ్చి
పైకీ కిందికీ వేస్తోంది. ఏమీ వెలగడం లేదు.
"ఇది దేనికి?"
"తెలీదు," అన్నాను.
పాత ఇళ్లలో ఇలాంటివి ఉంటాయి.
మా ఇంట్లోనూ ఒకటుంది, మా ఆయన పెట్టాడు,
దేనికో చెప్పకుండానే పోయాడు.
పదకొండేళ్లు. ఊరందరి గోడలూ విప్పిచూసేదాన్ని,
దాన్ని మాత్రం విప్పలేదు.
ఇదంతా ఆమెకి చెప్పలేదు.

తీగలన్నీ మార్చాలంటే ఎంతవుతుందో చెప్పాను.
ఆరిన్ పెదాలు కదిపి లెక్క కట్టుకున్నాడు,
ఎన్ని ఓడప్రయాణాలో మరి.
"మీరైతే కొంటారా?"
"నేను చూస్తాను. అంతే."
కాసేపాగి, "ఎవరు కొన్నా ఆ పెన్సిల్ రాత చెరపనివ్వకండి," అన్నాను.

పైగదిలో డెల్ఫీన్
గోడ మీద అరచెయ్యి ఆనించింది,
ఒళ్లు కాలుతోందేమో చూసినట్టు.
"చల్లగానే ఉందే," అంది.

"ఇంకా దీపం వెయ్యలేదుగా," అన్నాను.